మట్టిలో తల్లి... మరి తండ్రి ఎక్కడ?

ప్రపంచంలోకెల్లా ఖరీదైన తిండి వస్తువుల్లో ట్రఫుల్ ఒకటి. అది చెట్టుకు కాయదు, చేలో పండదు. వేళ్లను అంటిపెట్టుకుని మట్టి లోపలే పుట్టి, మట్టి లోపలే పండుతుంది. రెండు శతాబ్దాలుగా మనిషి దాన్ని సాగు చేస్తున్నా, అది పిల్లల్ని ఎలా కంటుందో ఈ మధ్యదాకా ఎవరికీ తెలియలేదు. జన్యుశాస్త్రం ఆ గుట్టును సగం విప్పింది.

ఫ్రాన్స్ ఆగ్నేయ ప్రాంతంలో రిషెరాన్ష్ అనే చిన్న ఊరుంది. చలికాలమంతా ప్రతి శనివారం పొద్దున అక్కడ ట్రఫుల్ సంత జరుగుతుంది. రైతులు సంచులతో వస్తారు. వర్తకులు ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని, గోటితో కొంచెం గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు. మట్టి అంటిన చామదుంపల్లా కనిపించే ఆ నల్లటి ఉండల ధర కిలో వెయ్యి యూరోల చుట్టూ తిరుగుతుంది. ఇటలీలోని ఆల్బా తెల్ల ట్రఫుల్ అయితే దానికి కొన్ని రెట్లు ఎక్కువ. 2007లో మకావ్ కాసినోల అధిపతి స్టాన్లీ హో కిలోన్నర బరువున్న ఒకే ఒక్క తెల్ల ట్రఫుల్‌ను వేలంలో 3,30,000 డాలర్లకు కొన్నాడు.

ఈ ధరల గురించి ఎంతైనా రాయొచ్చు. అంతకంటే గొప్ప విషయం దాని పుట్టుకలో ఉంది. ఏ ట్రఫుల్‌ను కోసి చూసినా ఆ కండ మొత్తం తల్లిదే. తండ్రి అందించినదంతా లోపల నల్లచుక్కల్లా ఉండే సిద్ధబీజాల్లో దాగి ఉంటుంది. ఆ తండ్రి ఎవరో డీఎన్‌ఏ పరీక్షలో తేలుతుంది. కానీ అదే తోటలో వేళ్లన్నీ గాలించినా అతని ఆచూకీ దొరకడం అరుదు. గత ఇరవై ఏళ్లలో ట్రఫుల్ పరిశోధన అంతా ఈ చిక్కుముడి చుట్టూనే తిరిగిందంటే అతిశయోక్తి కాదు.

వేరుతో పొత్తు

హైదరాబాద్ బేకరీల్లో దొరికే చాక్లెట్ ట్రఫుల్‌కూ దీనికీ సంబంధం ఆకారం వరకే. అసలు ట్రఫుల్ ఒక శిలీంధ్రం. పుట్టగొడుగు నేల మీదికి వచ్చి గొడుగు విప్పి, గాలిలోకి సిద్ధబీజాలను వదులుతుంది. ట్రఫుల్ ఆ పని చెయ్యదు. నేలలో కొన్ని అంగుళాల లోతున ఉండకట్టుకుని కూర్చుంటుంది. ఏ జంతువైనా వాసన పట్టి, తవ్వి, తిని, మరోచోట విసర్జించాలి. అప్పుడే దాని సంతానం నాలుగు చోట్లకూ చేరుతుంది.

మనం తినేది ఫలం మాత్రమే. అసలు శరీరం కంటికి ఆనని సన్నటి దారాలుగా మట్టిలో పరుచుకుని ఉంటుంది. ఈ దారాలు ఓక్, హేజెల్ చెట్ల పీచువేళ్ల చివర్లను తొడుగులా కప్పేస్తాయి. చెట్టు ఆకుల్లో తయారైన చక్కెరను శిలీంధ్రానికి ఇస్తుంది. శిలీంధ్రం తన దారాలతో దూరం నుంచి నీటినీ భాస్వరాన్నీ నత్రజనినీ తెచ్చి చెట్టుకు ఇస్తుంది. వేరూ శిలీంధ్రమూ కలిసిన ఈ అవయవానికి శాస్త్రంలో మైకోరైజా అని పేరు.

ఆ పేరు పెట్టిన కథలోనూ ట్రఫులే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ప్రష్యా ప్రభుత్వానికి తమ నేలలో ట్రఫుళ్లు పండించాలన్న కోరిక కలిగింది. ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రవేత్తకు ఆ పని అప్పగించింది. ఆయన ట్రఫుళ్లు పండించలేకపోయారు. కానీ అడవి చెట్ల వేళ్లను తవ్వి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న చెట్లన్నిటికీ వేళ్ల మీద శిలీంధ్రపు తొడుగు కనిపించింది. ఇది తెగులు కాదు, పోషణ కోసం కుదిరిన పొత్తు అని ఆయన 1885లో ప్రకటించారు. శిలీంధ్రమంటే కుళ్లు, బూజు, తెగులు అని మాత్రమే అనుకునే రోజుల్లో ఆ మాట చాలామందికి మింగుడుపడలేదు. ఇప్పుడు భూమ్మీది మొక్కల్లో అత్యధిక భాగానికి ఏదో ఒక రకం మైకోరైజా ఉందని తెలుసు. మన రైతులు ‘వామ్’ పేరుతో కొనే జీవన ఎరువు కూడా ఈ కుటుంబపు మరో శాఖే. మొక్కజొన్న, మిర్చి, పసుపు వేళ్లలో అది లోపలికి చొచ్చుకుపోయి ఉంటుంది. ఆవాలు, క్యాబేజీ కుటుంబం మాత్రం ఈ పొత్తుకు దూరం.

ఫ్రాంక్ కంటే చాలా ముందే ఒక ఫ్రెంచి రైతు ఈ సంగతిని తన పద్ధతిలో కనిపెట్టాడు. 1810 ప్రాంతంలో ప్రొవాన్స్‌కు చెందిన జోసెఫ్ తలోన్ ట్రఫుళ్లు దొరికే ఓక్ చెట్ల కింద రాలిన కాయలను ఏరి, తన రాతినేలలో నాటాడు. కొన్నేళ్లకు ఆ మొక్కల కింద ట్రఫుళ్లు దొరికాయి. కార్పంత్రా వర్తకుడు ఆగస్ట్ రూసో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున అనుసరించి, 1855 పారిస్ ప్రదర్శనలో తన ట్రఫుళ్లను పెట్టాడు. ఆ తర్వాత ఫిలోక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను తుడిచిపెట్టేసింది. బీడుపడ్డ ఆ సున్నపు నేలల్లో రైతులు ఓక్ నాటారు. శతాబ్దం చివరికి దేశంలో ఏటా వెయ్యి టన్నుల దాకా ట్రఫుళ్లు వచ్చేవని అప్పటి లెక్కలు చెబుతాయి. ఇప్పుడు వచ్చేది పదుల టన్నులే. మొదటి ప్రపంచ యుద్ధంలో పల్లెలు ఖాళీ అయ్యాయి. తోటలు చూసేవాళ్లు లేక దట్టమైన అడవులుగా మారాయి. ట్రఫుల్‌కు ఎండ పడే పలచటి తోట కావాలి, చీకటి అడవి పనికిరాదు.

పంది ముక్కు చెప్పిన సాక్ష్యం

ట్రఫుల్ వాసన కోసం పూర్వం ఆడపందులను తోలుకెళ్లేవారు. ఎందుకు ఆడపందే? 1981లో జర్మన్ పరిశోధకులు ట్రఫుల్‌లో ఆండ్రోస్టెనాల్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. మగపంది నోటి చొంగలో ఉండే ఆకర్షణ పదార్థమూ ఇదే. ఇంకేముంది, ఆడపంది మగపంది అనుకుని తవ్వుతోందన్న కథ ప్రపంచమంతా పాకిపోయింది. వినడానికి ఎంతో బాగుంది. అందుకే ఇప్పటికీ చాలా పుస్తకాల్లో అదే కనిపిస్తుంది.

తూలూజ్ నగరంలో థియరీ తాలూ బృందం ఈ కథను పరీక్షకు పెట్టింది. మట్టిలో ఒకచోట అసలు ట్రఫుల్, మరోచోట ఆండ్రోస్టెనాల్, ఇంకోచోట డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు వాసన పదార్థం పాతిపెట్టారు. పందినీ, శిక్షణ పొందిన కుక్కనూ వదిలారు. రెండూ ట్రఫుల్‌నూ డైమిథైల్ సల్ఫైడ్‌నూ కనిపెట్టాయి. ఆండ్రోస్టెనాల్‌ను పట్టించుకోలేదు. 1990లో వచ్చిన ఈ ఫలితంతో ఆ కథ కూలిపోయింది. ఇంత చవకైన, ఇంత నిక్కచ్చి అయిన ప్రయోగాలు శాస్త్రంలో తక్కువగా కనిపిస్తాయి. ఎవరికైనా విజ్ఞానశాస్త్రం నేర్పాలంటే దీనితో మొదలుపెట్టవచ్చు.

పంది దొరికినదాన్ని తినేస్తుంది కాబట్టి ఇప్పుడు ఎక్కువగా కుక్కలనే వాడుతున్నారు. కొందరు అనుభవజ్ఞులు ఈగను చూసి కూడా ట్రఫుల్‌ను పసిగడతారు. సుయిల్లియా జాతి ఈగ ట్రఫుల్ ఉన్న చోట నేల మీద గుడ్లు పెట్టడానికి వాలుతుంది. ఇటలీలో ఈ వెతుకులాట విద్యను 2021లో యునెస్కో మానవాళి సంస్కృతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఆ వాసన అంతా ట్రఫుల్ సొంతం కాదన్నది మరో విశేషం. ప్రతి ట్రఫుల్ కండలోనూ కోట్లాది బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. టుబర్ బోర్కీ అనే తెల్ల జాతిలో కొన్ని ముఖ్యమైన గంధకపు వాసనలు ఈ బ్యాక్టీరియా వల్లే వస్తున్నాయని పరిశోధకులు చూపించారు. మన నగరాల హోటళ్లలో ఫ్రెంచ్ ఫ్రైస్ మీద చిలకరించే ట్రఫుల్ ఆయిల్‌లో మాత్రం చాలావరకు ట్రఫులూ ఉండదు, బ్యాక్టీరియా కూడా ఉండదు. తెల్ల ట్రఫుల్‌లో సహజంగా ఉండే ఒక్క వాసన పదార్థాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసి నూనెలో కలుపుతారు. అసలు ట్రఫుల్‌లో పదుల కొద్దీ వాసనలు కలగలిసి ఉంటాయి. ఆయిల్ రుచి చూసి ట్రఫుల్ నచ్చలేదనడం న్యాయం కాదు.

పన్నెండున్నర కోట్ల అక్షరాలు

2010లో ఫ్రాన్స్‌లోని నాన్సీకి చెందిన ఫ్రాన్సిస్ మార్టిన్ నాయకత్వంలో ఫ్రెంచి, ఇటలీ శాస్త్రవేత్తలు పెరిగోర్ నల్ల ట్రఫుల్ జన్యుపటాన్ని ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. శాస్త్రీయ నామం టుబర్ మెలనోస్పోరమ్. జన్యుపటం పొడవు 12.5 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు. అప్పటిదాకా చదివిన శిలీంధ్రాలన్నిటిలో ఇదే పెద్దది. అంత పెద్ద పుస్తకంలో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు మాత్రం సుమారు 7,500. మిగతాదాంట్లో సింహభాగం, మొత్తం మీద 58 శాతం, తమను తామే నకలు తీసుకుంటూ జన్యుపటంలో చోటు మార్చుకునే డీఎన్‌ఏ ముక్కలు. వీటిని ట్రాన్స్‌పోజాన్లు అంటారు.

దీనికి రెండేళ్ల ముందే అదే బృందం లాకేరియా బైకలర్ అనే పుట్టగొడుగు జన్యుపటాన్ని చదివింది. అదీ చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకునేదే. దాని పటం ట్రఫుల్ పటంలో సగమే ఉన్నా, జన్యువులు రెండున్నర రెట్లకు పైగా ఉన్నాయి. వేరును మచ్చిక చేసుకోవడానికి అది చిన్నచిన్న ప్రోటీన్ల పెద్ద సైన్యాన్నే వాడుతుంది. ట్రఫుల్‌లో అటువంటి సైన్యం కనిపించలేదు. పని ఒకటే, పనిముట్లు వేరు. చెట్టుతో స్నేహం చేయడమనే విద్యను శిలీంధ్రాలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోలేదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు వంశాల్లో ఎవరికి వారే సాధించుకున్నారని దీన్నిబట్టి అర్థమవుతుంది.

రెండింటిలోనూ ఒక పోలిక మాత్రం ఉంది. చచ్చిన ఆకుల్నీ కలపనూ కుళ్లబెట్టే ఎంజైముల జన్యువులు రెండింటిలోనూ బాగా తగ్గిపోయాయి. కుళ్లబెట్టి బతికే శక్తిని వదులుకుని అవి సజీవమైన చెట్టు మీద ఆధారపడ్డాయి. చెట్టు లేనిదే ట్రఫుల్ లేదన్న రైతు మాటకు జన్యుపటంలో సాక్ష్యం దొరికింది.

అయినా ఒక అనుమానం మిగిలింది. ట్రఫుల్ చిన్నప్పుడే వేరు నుంచి విడిపోయి, ఆపై మట్టిలోని చచ్చిన పదార్థాన్ని తిని పెరుగుతుందని చాలామంది నమ్మేవారు. ఫ్రాన్స్‌లో ఫ్రాన్సువా ల తకోన్ బృందం ఇరవై ఏళ్ల హేజెల్ చెట్టుకు గుడారంలాంటి కవచం కప్పి, కర్బనం-13 గుర్తు వేసిన కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి పంపింది. ఆకులు దాన్ని పీల్చుకున్నాయి. తర్వాత నెలల తరబడి ఆ గుర్తును వెంబడించారు. ఆకు నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి వేరుకు, వేరు నుంచి ట్రఫుల్‌కు అది నడిచింది. ఆ కండలోని కర్బనం చెట్టు పెట్టిన తిండే అని 2013లో తేలింది. చెట్లు మట్టి కింద శిలీంధ్ర దారాలతో ముచ్చట్లు చెప్పుకుంటాయని, తల్లిచెట్టు పిల్లచెట్టుకు పాలిస్తుందని ఈమధ్య సినిమాల్లోనూ పుస్తకాల్లోనూ విపరీతంగా ప్రచారం జరిగింది. ఆ మాటల్లో చాలావాటికి అడవిలో తగిన ఆధారం లేదని 2023లో ముగ్గురు శాస్త్రవేత్తలు, ఈ రంగంలో తలపండినవారే, హెచ్చరించారు. గుర్తు వేసిన కర్బనం నడిచిన దారి మాత్రం ఊహ కాదు. నాకు ఆ ముచ్చట్ల కథల కంటే ఇదే ఎక్కువ ఆశ్చర్యంగా అనిపిస్తుంది.

సిద్ధబీజం పగలగొడితే

ఇక అసలు కథలోకి వద్దాం. 2000వ సంవత్సరం ప్రాంతంలో నల్ల ట్రఫుల్ ఒంటరి జీవి అన్నదే శాస్త్రవేత్తల అభిప్రాయం. ఎన్ని ట్రఫుళ్లు తెచ్చి పరీక్షించినా ప్రతిదానిలోనూ ఒకే వ్యక్తి జన్యువులు కనిపించేవి. తల్లీతండ్రీ ఇద్దరూ ఉంటే ఇద్దరి గుర్తులూ కనిపించాలి కదా. కాబట్టి జత లేకుండా తనతో తానే ఫలదీకరణ చేసుకుంటోందని తీర్మానించారు. పైగా జన్యు వైవిధ్యం కూడా తక్కువగా కనిపించింది. మంచుయుగంలో ఈ జాతి దక్షిణాదికి కుంచించుకుపోయి, మంచు కరిగాక అక్కడ మిగిలిన కొద్దిపాటి నుంచే మళ్లీ ఉత్తరానికి వ్యాపించిందని దానికి కారణం చెప్పారు.

లోపం పరీక్ష చేసే పద్ధతిలో ఉంది. ట్రఫుల్ సిద్ధబీజం గోడ చాలా దళసరి. మామూలుగా డీఎన్‌ఏ తీసే పద్ధతికి అది పగలదు. పరిశోధకుల చేతికి వచ్చిందల్లా చుట్టూ ఉన్న కండ తాలూకు డీఎన్‌ఏ. ఆ కండ పూర్తిగా తల్లిది, అదీ జన్యువుల ఒకే ఒక్క ప్రతి ఉన్న ఏకస్థితిక కణజాలం. ఇటలీలోని పెరూజాలో ఫ్రాంచెస్కో పావోలొచ్చి, ఆండ్రియా రుబిని, క్లాడియా రిచ్చోని తదితరులు సిద్ధబీజాలను విడిగా తీసి పగలగొట్టారు. కండలో లేని జన్యు గుర్తులు వాటిలో బయటపడ్డాయి. 2006లో తెల్ల ట్రఫుల్‌లో, 2008లో నల్ల ట్రఫుల్‌లో తండ్రి ఉన్నాడని తేలిపోయింది.

జన్యుపటం వచ్చాక ఇంకో తలుపు తెరుచుకుంది. శిలీంధ్రాల్లో మనలా ఆడ, మగ అనే విభజన ఉండదు. జత కుదరాలంటే ఒక నిర్దిష్ట జన్యుస్థానంలో రెండు వేర్వేరు రకాలు ఉండాలి. చదివిన ట్రఫుల్‌లో ఒక రకం ఉంది. రెండో రకాన్ని పెరూజా బృందం 2011లో పట్టుకుంది. ఒకే రకం ఉన్న రెండు ట్రఫుల్ దారాలు పక్కపక్కనే ఎన్నేళ్లున్నా జత కుదరదు. వేర్వేరు రకాలే కలవాలి.

ఇదంతా తెలిశాక పరిశోధకులు తోటల్లో వేళ్లను తవ్వి, ఎక్కడ ఏ రకం ఉందో పటాలు గీశారు. సగం ఒకటి, సగం మరొకటి కలిసిమెలిసి ఉంటాయని ఊహించారు. అలా లేదు. కొన్ని మీటర్ల మేర ఒకే రకం, దాని పక్కన మరికొన్ని మీటర్లు రెండో రకం. సరిహద్దులు గీసుకున్నట్టు ఉన్నాయి. నర్సరీలో రెండు రకాల సిద్ధబీజాలూ కలిపి వేరుకు అంటించిన మొక్కల్లో కూడా కాలం గడిచేకొద్దీ ఒకటి రెండోదాన్ని తరిమేసింది. జత కట్టడానికి అవసరమైన వాళ్లే ఒకరినొకరు వేరు మీద నిలవనివ్వరు. మరి ఫలదీకరణ ఎలా జరుగుతోంది?

ఈశాన్య ఫ్రాన్స్‌లో ఒక ట్రఫుల్ తోటను అయిదేళ్ల పాటు గమనించారు. తవ్విన ప్రతి ట్రఫుల్‌కూ తల్లి ఎవరో కండ నుంచి, తండ్రి ఎవరో సిద్ధబీజాల నుంచి తేల్చారు. తల్లులు స్థిరంగా ఉన్నాయి. ఒకే తల్లి కొన్ని మీటర్ల జాగాను ఆక్రమించుకుని ఏటేటా అక్కడే ట్రఫుళ్లు కంటోంది. తండ్రులు అలా కాదు. ఎక్కువమంది, చిన్నచిన్నవాళ్లు, చాలావరకు ఒక ఏడాది కనిపించి మరుసటి ఏడాది మాయమయ్యేవాళ్లు. చెట్ల వేళ్ల మీద వాళ్ల జాడ లేదు. అటు తల్లిగానూ ఇటు తండ్రిగానూ కనిపించినవి బహు అరుదు. మరో పరిశోధనలో దగ్గరి చుట్టాలే జత కడుతున్నట్టు కూడా తేలింది. తండ్రులు దూరాల నుంచి రావడం లేదన్నమాట.

వేరు మీద లేని తండ్రి ఎక్కడున్నట్టు? ఇప్పుడు బలంగా వినిపిస్తున్న సమాధానం ఇది. పండి, తవ్వకుండా మట్టిలోనే కుళ్లిన ట్రఫుళ్ల నుంచి, పురుగులూ జంతువులూ మోసుకొచ్చిన మట్టి నుంచి సిద్ధబీజాలు మొలుస్తాయి. చెట్టు వేరును పట్టుకునేంత బలం రాకముందే, ఆ చిన్న దారపు మొలకే తండ్రి పాత్ర పోషించి వెళ్లిపోతుంది. రెండో సమాధానం గడ్డిలో ఉంది. ట్రఫుల్ బాగా కాసే చెట్టు చుట్టూ గడ్డీగాదం సరిగా ఎదగక, నేల బోసిగా కనిపిస్తుంది. అక్కడ బతికి ఉన్న కలుపు మొక్కల వేళ్ల లోపల ట్రఫుల్ దారాలు ఉన్నాయని 2020లో ఫ్రెంచి పరిశోధకులు చూపించారు. ఓక్ చెట్టు బంధువుగా మాత్రమే తెలిసిన శిలీంధ్రం గడ్డి వేరులో అద్దెకుండడం ఎవరూ ఊహించనిది.

దీని ప్రయోజనం పుస్తకాలకే పరిమితం కాలేదు. స్పెయిన్ రైతులు తోటలో చెట్టు చుట్టూ చిన్న గుంతలు తీసి, సిద్ధబీజాలు కలిపిన పీట్ ఎరువుతో నింపే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. ఆ గుంతల్లోనే ట్రఫుళ్లు పుట్టడం కనిపించింది. గుంతలో వేసిన సిద్ధబీజాలు తల్లికి తండ్రులను అందిస్తున్నాయన్నది ఒక వివరణ. పాతకాలపు రైతులు పాడైన ట్రఫుల్ ముక్కలను తవ్విన గుంతలోనే వేసి పూడ్చేవారు. వాళ్లు ఆ పని ఎందుకు చేసేవారో జన్యుశాస్త్రం ఇప్పుడు చెబుతోంది.

ఎండ ఎక్కువైతే

ట్రఫుల్ వసంతకాలం చివర్లో పుట్టి, వేసవి అంతా మట్టిలో నెమ్మదిగా పెరిగి, డిసెంబరు నుంచి మార్చి మధ్య పండుతుంది. వేసవిలో ఒకట్రెండు మంచి వానలు పడకపోతే పిందె దశలోనే ఎండిపోతుంది. ఉల్ఫ్ బుంట్‌గెన్ బృందం 2012లో స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీల దిగుబడి లెక్కలను వాతావరణ లెక్కలతో పోల్చి, కరవు పెరిగేకొద్దీ చలికాలపు ట్రఫుల్ తగ్గుతోందని చూపించింది. ఇదే తీరున వేడి పెరిగితే ఈ శతాబ్దం చివరికి ఐరోపా నల్ల ట్రఫుల్ ఉత్పత్తి 78 నుంచి 100 శాతం దాకా పడిపోవచ్చని 2019లో మరో అంచనా వచ్చింది. స్పెయిన్‌లోని టెరూయెల్ ప్రాంతం బిందుసేద్యంతో, విస్తారమైన తోటలతో ఇప్పటికైతే నిలదొక్కుకుంది. 1993లో న్యూజిలాండ్, 1999లో టాస్మేనియా, 2003లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని మన్‌జిమప్ ఈ పంట తీశాయి. అక్కడ కోత జూన్, ఆగస్టు మధ్య కాబట్టి ఐరోపాకు వేసవిలోనూ తాజా నల్ల ట్రఫుల్ దొరుకుతోంది. తెల్ల ట్రఫుల్ మాత్రం చాలాకాలం లొంగలేదు. ఫ్రాన్స్ నైరుతిలో ఒక తోటలో 2019లో మూడు, మరుసటి ఏడాది నాలుగు దొరికాయి. ఆ ఏడు ఉండల మీద శాస్త్ర పత్రికలో వ్యాసం వచ్చిందంటే వాటి విలువ అర్థం చేసుకోవచ్చు.

ముస్సోరీ నుంచి వెళ్లిన పేరు

1892లో కుక్, మాసీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు హిమాలయాల్లో ముస్సోరీ ప్రాంతం నుంచి వచ్చిన ఒక నల్ల ట్రఫుల్‌కు టుబర్ ఇండికమ్ అని పేరు పెట్టారు. దాని దగ్గరి బంధువులు చైనా యున్నాన్, సిచువాన్ కొండల్లో విస్తారంగా దొరుకుతాయి. ఇప్పుడు ఐరోపా బజారుకు అవి టన్నుల లెక్కన దిగుమతి అవుతున్నాయి. చూడటానికి పెరిగోర్ ట్రఫుల్‌లాగే ఉంటాయి. వాసన తక్కువ, ధర బహు తక్కువ. మోసానికి ఇంతకంటే అనుకూలమైన సరుకు ఉండదు. అనుమానం వస్తే డీఎన్‌ఏ పరీక్షే తేలుస్తుంది. 2008లో ఇటలీలో ఒక తోటలో చెట్ల వేళ్ల మీదే ఈ ఆసియా జాతి కనిపించింది. నర్సరీలో అంటించేటప్పుడు కల్తీ జరిగి ఉండాలి. అది బలంగా వ్యాపిస్తే అసలు జాతికే చోటుండదన్న భయం అక్కడ ఇప్పటికీ ఉంది.

మన పొరుగునే, సాల్ చెట్టు కింద

ట్రఫుల్ కోసం మనం ఓక్ తోటలు వేయాలని నేను చెప్పబోవడం లేదు. దానికి కావలసిన చలి మనకు లేదు. కానీ తెలంగాణ సరిహద్దు దాటితే బస్తర్. తొలకరి పడగానే జగదల్‌పూర్ సంతల్లో ఆదివాసీ మహిళలు ‘బోడా’ పోసుకుని అమ్ముతారు. గోళీకాయ నుంచి చిన్న నిమ్మకాయంత దాకా ఉండే గుండ్రటి ఉండలు, లోపల తెల్లగా గట్టిగా ఉంటాయి. ముదిరితే లోపలంతా నల్లటి పొడి అయిపోతుంది, అప్పుడు తినడానికి పనికిరాదు. సీజన్ మొదట్లో కిలో వెయ్యి రూపాయలు దాటుతుంది. ఝార్ఖండ్‌లో దీన్నే రుగ్డా అంటారు.

బోడా వంశం వేరు, అది ట్రఫుల్ కాదు. ఆస్ట్రియస్ అనే ప్రజాతికి చెందింది. జీవితం మాత్రం అలాంటిదే. సాల్ చెట్టు, మన గుగ్గిలం చెట్టు, వేళ్ల మీద తొడుగు వేసుకుని, మట్టిలో ఉండకట్టి పెరుగుతుంది. ఉత్తరాంధ్ర కొండల్లోనూ అక్కడక్కడ సాల్ ఉంది. ఒకప్పుడు ప్రపంచంలో ఎక్కడ ఈ ఆకారం కనిపించినా ఆస్ట్రియస్ హైగ్రోమెట్రికస్ అనే ఒకే పేరు రాసేవారు. థాయ్‌లాండ్ సాల్ బంధువుల అడవుల్లో సేకరించిన వాటి డీఎన్‌ఏ చదివాక 2004లో ఒకటి, 2007లో మరొకటి కొత్త జాతులుగా తేలాయి. ఆ రెండూ మన దేశపు సాల్ అడవుల్లో కూడా ఉన్నట్టు తర్వాత బయటపడింది. పేరు మారితే ఏమిటన్న ప్రశ్న రావచ్చు. ఏ జాతి ఏ చెట్టుతో, ఏ నేలలో బతుకుతుందో తెలియాలంటే ముందు అది ఎవరో తెలియాలి.

1970లలో బస్తర్ సాల్ అడవిని నరికి, కాగితపు గుజ్జు కోసం ఉష్ణమండల పైన్ చెట్లు వేయాలని ప్రపంచ బ్యాంకు సాయంతో ఒక పథకం వచ్చింది. స్థానికులు గట్టిగా ఎదిరించారు. 1980ల ఆరంభంలో అది ఆగిపోయింది. సాల్ పోతే గింజ, ఆకు, జిగురు, బోడా అన్నీ పోతాయని ఆదివాసీలకు తెలుసు. పథకం రాసినవారి లెక్కలో కలప ఘనపు మీటర్లే ఉన్నాయి.

ఇప్పుడూ గనులకూ రోడ్లకూ సాల్ అడవి పోతూనే ఉంది. బదులుగా ఎక్కడో మొక్కలు నాటి పరిహారం చెల్లించామంటున్నారు. సాల్‌ను నర్సరీ నుంచి పెంచి అడవి చేయడం ఎంత కష్టమో అటవీ అధికారులకు తెలుసు. ఫ్రాన్స్‌లో ఒక్క నల్ల ట్రఫుల్ కోసం జన్యుపటం చదివారు, చెట్టుకు కవచం కప్పి కర్బనాన్ని వెంబడించారు, అయిదేళ్ల పాటు ఒక తోటలో తల్లుల్నీ తండ్రుల్నీ లెక్కపెట్టారు. సాల్ వేళ్ల మీది శిలీంధ్రాలకు అందులో పదో వంతు శ్రద్ధ చాలు. ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాలూ అటవీ శాఖలూ కలిసి, బోడా సేకరించే మహిళలను తోడు తీసుకుని, వచ్చే తొలకరికే నమూనాలు సేకరించడం మొదలుపెట్టాలి. ఏ చెట్టు కింద, ఎంత లోతున, ఏ వాన తర్వాత దొరుకుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ పని జరిగేదాకా సాల్ అడవి నరికివేతకు వచ్చే ప్రతి దరఖాస్తులోనూ చెట్ల సంఖ్యతో పాటు వాటి వేళ్ల మీద ఏముందో కూడా రాయాలని ప్రభుత్వాలు పట్టుబట్టాలి.